విమానానికి ముందు మూడు రోజులు ఖాళీ: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో ఎటు వెళ్తే మేలు?

లాంజిపల్లి (బరంపురం):

అక్టోబరు నెలంతా నేను, మా ఆవిడ, అమ్మ జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి డార్మ్‌స్టాట్‌లో చెల్లి వాళ్లింట్లో ఉంటాం. తిరుగు విమానం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కి, నెలలో చివరి ఆదివారం ఉదయం 11 ప్రాంతంలో. హైదరాబాద్ నుంచి ఫలక్‌నుమాలో బరంపురం. చివర్లో గురు, శుక్ర, శనివారాలు ఖాళీగా ఉన్నాయి, రైల్లో ఒక ఊరు చూసి వద్దామని ఉంది.

పారిస్ అంటోంది మా ఆవిడ. స్విట్జర్లాండ్ అంటోంది చెల్లి. పారిస్ దాకా వెళ్తే లండన్‌కి రైల్లో రెండున్నర గంటలేనట కదా అని ఒక బంధువు ఊదరగొడుతున్నారు. అమ్మకు 66, మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం. శనివారం గుడ్డు కూడా ముట్టదు. వీసా జర్మనీ ఇచ్చిన షెంజెన్ (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా), ఒక్క ప్రవేశానికి. సామాను నాలుగు పెద్ద సూట్‌కేసులు. యూరైల్ పాస్ (చాలా ఐరోపా దేశాల రైళ్లలో చెల్లే పాసు) తీసుకోవాలా, విడి టికెట్లు చాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

నాగావళి గట్టు (రాయగడ):

ఊరి పేరు తర్వాత, ముందు గంటలు లెక్క కట్టండి. మూడు రోజులంటున్నారు గానీ శనివారం రాత్రి మీరు డార్మ్‌స్టాట్‌లోనే పడుకోవాలి. 11కి విమానమంటే 8 గంటలకల్లా కౌంటరు దగ్గర ఉండాలి. ఆ పొద్దున ఇంకో ఊళ్లో రైలెక్కి విమానం అందుకుందామనుకోవడం జూదం. 2024లో జర్మనీ దూరప్రయాణపు రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యమైనవాటిని వేళకు వచ్చినట్టే లెక్కేసి. రద్దయిన రైళ్లు ఆ లెక్కలోకే రావు. కాబట్టి మీ చేతిలో ఉన్నవి రెండు రాత్రులు, రెండున్నర రోజులు. ఒక్క హోటలు, ఒక్క ఊరు. రెండు ఊళ్లు పెట్టుకున్నారంటే ఒక పూట మొత్తం సంచులు సర్దడానికే పోతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద స్టేషన్ నుంచి సుమారు ప్రయాణ కాలాలు ఇలా ఉంటాయి: పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ నాలుగేసి గంటలు. బ్రసెల్స్, బాసెల్ మూడేసి. స్ట్రాస్‌బర్గ్ నేరు రైలుకి రెండు గంటల లోపు, కానీ నేరు రైళ్లు రోజులో కొన్నే. మిగతావాటికి కార్ల్స్‌రూహెలోనో ఓఫెన్‌బర్గ్‌లోనో మారాలి. కొలోన్ గంట, గంటంపావు. హైడల్‌బర్గ్ మీకు డార్మ్‌స్టాట్ నుంచి గంట లోపే, అది పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేసే ఊరు, దానికి హోటలు దండగ.

స్విట్జర్లాండ్ అంటే జనం మనసులో ఉండేది మంచుకొండలు. బాసెల్‌లో కొండల్లేవు, అది సరిహద్దు ఊరు. అక్కణ్నుంచి కొండల దగ్గరి ఊరు ఇంటర్‌లాకెన్‌కి ఇంకో రెండు గంటలు. ఆ పైన మంచుకొండల మీది యుంగ్‌ఫ్రావుయోఖ్ 3,454 మీటర్ల ఎత్తు, అమ్మగారి వయసుకి ఒక్కసారిగా అంత ఎత్తు వద్దు. అక్టోబరు చివర మబ్బు కమ్మితే టికెట్టు డబ్బులు పెట్టి తెల్లగోడ చూసి రావడమే.

నా ఓటు కొలోన్‌కి. ఎందుకంటే దారే ఒక చూడదగ్గ ప్రదేశం. ఎలా వెళ్లాలో తర్వాత రాస్తాను.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

లండన్ మాట ముందే తుడిచెయ్యండి. బ్రిటన్ షెంజెన్‌లో లేదు. దాని వీసా వేరు, అది లేకపోతే పారిస్ స్టేషన్‌లోనే ఆపేస్తారు, అక్కడ రైలెక్కకముందే బ్రిటన్ అధికారుల తనిఖీ ఉంటుంది. ఆ వీసా ఉన్నా మీకు పనికిరాదు. షెంజెన్ దాటి లండన్‌లో దిగితే మీ ఒక్క ప్రవేశం అయిపోయినట్టే, మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ రానివ్వరు.

ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌లకు మాత్రం ఇదే వీసా చాలు. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు గానీ 2008 నుంచి షెంజెన్‌లో ఉంది. వీసా జర్మనీది కదా, రెండు రాత్రులు ఫ్రాన్స్‌లో ఉంటే తప్పా అని చాలామంది అడుగుతారు. తప్పు కాదు. ఎక్కువ రోజులు ఉండే దేశం జర్మనీ అయితే చాలు.

పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు మీద రెండు గడులు చూసుకోండి. ఒకటి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్నది, రెండోది ఎన్ని రోజులు ఉండొచ్చన్నది. తేదీలు మిగిలున్నా రోజులు అయిపోతే అయిపోయినట్టే. దిగిన రోజు, ఎక్కే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. నెలంతా ఉంటున్నారు కాబట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. ప్రయాణ బీమా కూడా ఆదివారం దాకా ఉండాలి.

షెంజెన్ లోపల తనిఖీలుండవన్న మాట పాతది. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తనిఖీలు పెట్టింది. స్ట్రాస్‌బర్గ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు పోలీసులు రైల్లోకి ఎక్కొచ్చు. అసలు పాస్‌పోర్టే చూపించాలి, ఫోన్లో ఫొటో పనికిరాదు. డార్మ్‌స్టాట్ సూట్‌కేసులో పెట్టి రావద్దు.

గోపాలపూర్ రేవు:

అందరూ పారిస్‌ని కొట్టిపారేస్తున్నారు, ఒకసారి ఆగండి. బరంపురం నుంచి ఐరోపాకి మళ్లీ ఎప్పుడు వెళ్తారు? గురువారం ఉదయం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కితే మధ్యాహ్నానికి పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్‌లో దిగుతారు. గురువారం సాయంత్రం, శుక్రవారం పూర్తి రోజు, శనివారం మధ్యాహ్నం దాకా. ఈఫిల్ టవర్ కింద నిలబడటానికి, సెన్ నదిలో పడవకి ఆ సమయం చాలు. లూవ్ర్ మ్యూజియం పెట్టుకోకండి, సగం రోజు తినేస్తుంది. పైగా 2026 జనవరి నుంచి ఐరోపా బయటివాళ్లకు టికెట్టు 32 యూరోలు.

అయితే అమ్మగారి మోకాళ్ల మాట నిజం. పారిస్ మెట్రో పాతది, 14వ నంబరు లైను తప్ప చాలా స్టేషన్లలో లిఫ్టుల్లేవు, మెట్లే మెట్లు. సిటీ బస్సుల్లో తిరగాలి. వాటికి మెట్లు ఉండవు, బయట ఊరూ కనిపిస్తుంది.

నాగావళి గట్టు (రాయగడ):

@గోపాలపూర్ రేవు, మీ లెక్క ముగ్గురూ కుర్రాళ్లయితే సరిపోతుంది. శనివారం మధ్యాహ్నం పారిస్‌లో బయల్దేరే రైలు రద్దయితే తర్వాతిది సాయంత్రం. అదీ ఆలస్యమైతే అర్ధరాత్రి డార్మ్‌స్టాట్, పొద్దున్నే విమానాశ్రయం. కొలోన్ నుంచి ఒక రైలు పోతే ఇంకో గంటలో మరొకటి ఉంటుంది. ఆఖరి రోజుకి అదే ధైర్యం.

వంశధార ఒడ్డు (గుణుపురం):

టికెట్ల సంగతి నేను చెప్తా.

యూరైల్ పాస్ వద్దు. మన దేశంలో ఉండేవాళ్లు కొనుక్కోవచ్చు, 60 దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు కూడా ఉంది. కానీ నాలుగు రోజుల పాసు మనిషికి రెండు వందల యూరోలు దాటుతుంది, మీరు ఎక్కే పెద్ద రైళ్లు రెండే. పైగా పారిస్ లాంటి రూట్లలో పాసున్నా సీటు రిజర్వేషన్‌కి మళ్లీ డబ్బు కట్టాలి.

జర్మనీ రైల్వే టికెట్లలో మూడు రకాలు గుర్తుంచుకోండి. అన్నిటికన్నా చవక జూపర్ స్పార్‌ప్రైస్, రద్దు చేస్తే పైసా రాదు. స్పార్‌ప్రైస్ ప్రయాణం రోజుకి ముందే రద్దు చేస్తే 10 యూరోలు కోసుకుని మిగతాది ఇస్తారు. ఈ రెండిట్లోనూ మీరు బుక్ చేసిన రైలే ఎక్కాలి, ముందుదీ తర్వాతదీ కుదరదు. ఫ్లెక్స్‌ప్రైస్ ఆ రోజు ఏ రైలుకైనా చెల్లుతుంది, కానీ రేటు మూడు నాలుగింతలు. కొలోన్ నుంచి వచ్చేటప్పుడు ముందుగా కొంటే ఒక్కొక్కరికి 20 యూరోల లోపు కూడా దొరుకుతుంది. మీ పరిస్థితికి స్పార్‌ప్రైస్ మంచిది. జూపర్ అని ఆశపడి, అమ్మగారికి నలతచేస్తే మొత్తం పోగొట్టుకోకండి.

ఇంకొక మాట చాలామందికి తెలీదు. గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరతారని తేలిందంటే ఆ రైలు కట్టుబాటు పోతుంది. అదే టికెట్టుతో వేరే రైలెక్కొచ్చు. జర్మనీ రైల్వే యాప్‌లో ఆలస్యం కనిపించిన తెర ఫొటో తీసి ఉంచుకోండి, టీసీకి చూపించడానికి. గంట ఆలస్యమైతే పావు వంతు, రెండు గంటలైతే సగం డబ్బు వెనక్కి అడగొచ్చు. అయితే ఇదంతా ఒకే టికెట్టు మీద ఉన్న ప్రయాణానికి. రెండు ముక్కలుగా రెండు టికెట్లు కొని మధ్యలో రైలు తప్పితే రెండో టికెట్టుకి ఎవరూ పూచీ ఉండరు. మారే చోట యాప్ ఆరేడు నిమిషాల వ్యవధి చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. మారే సమయం పెంచుకునే వీలు యాప్‌లోనే ఉంది, కనీసం అరగంట పెట్టండి.

టికెట్టు కొన్నంత మాత్రాన సీటు రాదు. ఇది మనవాళ్లకు వింతగా ఉంటుంది. టికెట్టు వేరు, సీటు వేరు. సీటుకి మనిషికి ఐదారు యూరోలు. ముగ్గురికీ కొనండి, శనివారాలు నిలబడే జనం ఉంటారు. రైలు కదిలిన 15 నిమిషాల లోపు సీట్లో కూర్చోకపోతే ఆ రిజర్వేషన్ మీది కాదు.

జర్మనీ నెల టికెట్టు, డాయిచ్‌లాండ్ టికెట్టంటారు, 2026 జనవరి నుంచి 63 యూరోలు. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు రైళ్లకు చెల్లదు, ప్రాంతీయ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులన్నిటికీ చెల్లుతుంది. అక్టోబరంతా అక్కడే ఉంటున్నారంటే మీ ఇద్దరికైనా గిట్టుబాటే. కానీ అది చందా. 10వ తేదీలోపు మానేస్తున్నామని చెప్పకపోతే నవంబరు డబ్బు కూడా లాగేస్తారు. కొన్న రోజే రద్దు నొక్కేయండి, ఆ నెలకి చెల్లుతూనే ఉంటుంది. ఐదుగురి దాకా ఒకే టికెట్టు మీద తిరిగే రాష్ట్ర టికెట్టు కొనమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఫ్రాంక్‌ఫర్ట్ హెస్సెలో, దారిలోని కోబ్లెంజ్ రైన్‌లాండ్ ఫాల్జ్‌లో, కొలోన్ నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో ఉన్నాయి. మూడు రాష్ట్రాలకు మూడు టికెట్లవుతాయి.

లాంజిపల్లి (బరంపురం):

అందరికీ దండాలు. లండన్ తీసేశాం. పారిస్ గురించి ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది గానీ మొగ్గు కొలోన్ వైపే. నాగావళి గారూ, ఆ దారి సంగతి చెప్తానన్నారు. అమ్మ తిండి గురించి, స్టేషన్లలో మెట్ల గురించి కూడా కాస్త రాయండి. స్ట్రాస్‌బర్గ్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

నాగావళి గట్టు (రాయగడ):

ముందు ఒక బోను గురించి హెచ్చరిక. యాప్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్ అని కొడితే అది చూపించేది 2002లో వేసిన వేగపు లైను. గంటకు 300 కిలోమీటర్లు, మోంటబౌర్ మీదుగా, సొరంగాలూ హైవే పక్కా తప్ప రైన్ నది కనపడదు. నది కావాలంటే మధ్య స్టేషను గడిలో కోబ్లెంజ్ అని పెట్టాలి. అప్పుడు మైంజ్, బింగెన్, కోబ్లెంజ్ మీదుగా నదిని ఒరుసుకుంటూ వెళ్లే పాత లైను వస్తుంది. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్ల లోయ, 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కొండకొక కోట, వాలునిండా ద్రాక్షతోటలు, కౌబ్ దగ్గర నది మధ్యలో ఓడలా నిలబడ్డ చిన్న కోట, సాంక్ట్ గోవార్ దాటే ముందు అవతలి గట్టున 132 మీటర్ల లోరెలై బండ.

వెళ్లేటప్పుడు రైలు పోయే దిక్కుకి కుడివైపు కిటికీ పట్టుకోండి. ఎడమవైపు కూర్చుంటే కొండ గోడలే. అరకు లైన్లో ఏ వైపు కూర్చున్నామన్నదే సగం ప్రయాణం కదా, ఇదీ అంతే. ఒక చిక్కు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద స్టేషను మన విశాఖపట్నం లాగే, రైలు వచ్చిన వైపే తిరిగి బయటికి పోతుంది. ఎక్కినప్పుడు రైలు ముఖం ఎటుందో చూసి కుడి అనుకుంటే తలకిందులవుతుంది. కదిలేదాకా ఆగి తేల్చుకోండి.

ప్రాంతీయ రైలుకి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్ రెండు గంటల ప్రాంతం, అక్కడ మారి కొలోన్‌కి ఇంకో గంటకు పైగా. నెల టికెట్టు ఉంటే ఈ ప్రయాణానికి వేరే డబ్బు అక్కర్లేదు. అక్టోబరు చివర అక్కడ తెల్లవారేది 8కి, చీకటి పడేది 6 దాటగానే. కాబట్టి గురువారం 9, 10 మధ్య బయల్దేరండి, మధ్యాహ్నపు వెలుగులో లోయ దాటేస్తారు. వచ్చేటప్పుడు శనివారం వేగపు ఐసీఈలో నేరుగా రండి, రెండుసార్లు నది అక్కర్లేదు.

వచ్చేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. కొలోన్‌లో పెద్ద స్టేషను ఒకటి, నదికి అవతల మెస్సె డాయిట్జ్ ఇంకొకటి. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే ఐసీఈలు కొన్ని రెండో దాన్నుంచే పోతాయి. టికెట్టు మీద డాయిట్జ్ అని ఉంటే పెద్ద స్టేషను నుంచి ఒక్క స్టాపు లోకల్ ఎక్కి వెళ్లాలి, పావుగంట ముందు బయల్దేరండి.

ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అక్షరాల బోర్డులుంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూపిస్తారు. ఒక్కోసారి బోగీల వరస తిరగబడి వస్తుంది, ఆ ప్రకటన ఎక్కువగా జర్మన్‌లోనే. రైలు ఆగేది రెండు మూడు నిమిషాలు. అమ్మగారితో బోగీ వెతుక్కుంటూ పరుగెత్తకుండా, దొరికిన తలుపులో ఎక్కేసి లోపలే నడవండి. ఒక్క జాగ్రత్త, రెండు రైళ్లు కలిపిన జంట ఐసీఈ అయితే మధ్యలో దారి ఉండదు, ఒక్కో సగం ఒక్కో ఊరికి విడిపోవచ్చు కూడా. ఆ సగం మీదేనా అని తలుపు పక్క తెర చూసి ఎక్కండి. తెర మీద ఫెల్ట్ ఔస్ అని కనిపిస్తే రైలు రద్దని అర్థం, గ్లైస్ అంటే ప్లాట్‌ఫారం.

ఐసీఈ గుమ్మం దగ్గర రెండు మూడు మెట్లుంటాయి. సాయం కావాలంటే రైల్వే వాళ్ల మొబిలిటీ సర్వీసుకి ముందురోజు రాత్రి 8 లోపు చెప్పాలి, డబ్బు తీసుకోరు. కొలోన్ కేథడ్రల్, అంటే పెద్ద చర్చి, స్టేషను ముందే, కానీ ముందునుంచి ఎక్కితే వెడల్పాటి మెట్ల వరస ఉంది. మెట్లు వద్దంటే కాస్త చుట్టు తిరగాలి. 1248లో మొదలెట్టి 1880లో పూర్తి చేసిన గుడి, ఎత్తు 157 మీటర్లు. గోపురం పైకి 533 మెట్లు, లిఫ్టు లేదు. మీరిద్దరూ వంతులవారీగా ఎక్కండి, అమ్మగారు లోపల కూర్చుంటారు.

పెద్దావిడ కాబట్టి ఒక మాట. జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుట వేసే ఓడికొలోన్ పుట్టిల్లు ఈ ఊరే, ఫరీనా కుటుంబం 1709 నుంచి చేస్తోంది. సీసా కొంటే పెద్ద సూట్‌కేసులో పెట్టండి, 100 మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో పోనివ్వకపోవచ్చు.

వంశధార ఒడ్డు (గుణుపురం):

స్ట్రాస్‌బర్గ్ గురించి. కేథడ్రల్ ఎత్తు 142 మీటర్లు, 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన కట్టడం అదే. లోపలి ఖగోళ గడియారంలో అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు కదిలేది మధ్యాహ్నం 12:30కి, దానికి విడిగా టికెట్టు. నేల చదును, పాత ఊరంతా ట్రాములోనూ పడవలోనూ చూడొచ్చు, మోకాళ్లకు కొలోన్ కన్నా సుఖమే. నాకైతే రెండిట్లో స్ట్రాస్‌బర్గే అందంగా తోస్తుంది. కానీ నేరు రైలు దొరికితేనే పెట్టుకోండి. దొరక్కపోతే మారడాలు, దానికి తోడు మహేంద్రగిరి గారు చెప్పిన సరిహద్దు తనిఖీ. జర్మనీ నెల టికెట్టు ఉంటే సరిహద్దు ఊరు కేల్ దాకా ప్రాంతీయ రైళ్లలో పోయి, అక్కడ డీ నంబరు ట్రామెక్కి రైన్ వంతెన దాటితే స్ట్రాస్‌బర్గే. చవకే గానీ గంటలు పెరుగుతాయి.

తిండి: స్ట్రాస్‌బర్గ్‌లో ఊరి వంట తార్త్ ఫ్లాంబే, పల్చని రొట్టె మీద ఉల్లిపాయలతోపాటు పంది మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీయించుకోవాలి. కొలోన్‌లో రైబెకూహెన్ అనే బంగాళదుంప అట్టుంటుంది. చూడ్డానికి శాకాహారమే గానీ మామూలుగా గుడ్డు కలుపుతారు. "ఓనె ఐ" అంటే గుడ్డు లేకుండా అని. ఫలాఫెల్ (సెనగల వడలు) దుకాణాలు రెండు ఊళ్లలోనూ ఉంటాయి, శనివారానికి అవి, పళ్లు, రొట్టె. హోటలు గదిలో కెటిల్ ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి, ఉంటే ఉప్మా పొడితో ఒక పూట గడుస్తుంది. బరంపురం అప్పడాలు, పచ్చళ్లు ఐరోపాకి తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసినవేవీ తేనివ్వరు, దిగినప్పుడే పారేయిస్తారు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):

సామాను మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగు సూట్‌కేసులూ చెల్లిగారింట్లో వదిలేసి మనిషికొక చిన్న సంచితో వెళ్లండి. శనివారం కొలోన్ నుంచి వచ్చి రాత్రి సర్దుకుని, ఆదివారం డార్మ్‌స్టాట్ నుంచి విమానాశ్రయానికి నేరుగా పోయే ఎయిర్‌లైనర్ బస్సెక్కండి, అరగంట ప్రయాణం.

కొన్నవాటి మీద పన్ను వెనక్కి కావాలంటే జర్మనీలో ఒక బిల్లు 50 యూరోలు దాటాలి, కొన్నప్పుడే దుకాణంలో ఫారం రాయించుకోవాలి. సామాను బెల్టు మీద వేసేయకముందే ఆ వస్తువులు కస్టమ్స్ వాళ్లకు చూపించి ముద్ర వేయించాలి. కౌంటర్లో ముందే చెప్తే సూట్‌కేసుకి ట్యాగు వేసి మీ చేతికి తిరిగిస్తారు, దాన్ని కస్టమ్స్ దగ్గరకి తీసుకెళ్లాలి. ఫ్రాన్స్‌లో కొన్నవాటికీ ముద్ర ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. దీనికి ఇంకో గంట కలుపుకోండి. వేలిముద్రలు, ముఖం ఫొటో తీసే కొత్త ప్రవేశ నిష్క్రమణ విధానం 2025 అక్టోబరు 12న మొదలైంది, పాస్‌పోర్టు వరసలు దానివల్ల పొడుగవుతున్నాయి.

మీది అక్టోబరు చివరి ఆదివారం అన్నారు కదా. ఆ తెల్లవారుజామున 3 గంటలకు గడియారాలు వెనక్కి 2కి తిప్పుతారు. ఫోన్ దానంతటదే మారుతుంది, చేతి గడియారం, చెల్లిగారింట్లో గోడ గడియారం మారవు. విమానం వేళ, బస్సు వేళ రెండూ కొత్త సమయంలోనే. నష్టమేం లేదు, ఒక గంట నిద్ర కలిసొస్తుంది. కానీ ఆ రోజు నుంచి మనకీ వాళ్లకీ తేడా మూడున్నర గంటలు కాదు, నాలుగున్నర. హైదరాబాద్‌లో మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు చెప్పండి.

లాంజిపల్లి (బరంపురం):

కొలోన్ ఖాయం. వెళ్లేది నది పక్క నుంచి కుడి కిటికీ, వచ్చేది శనివారం మధ్యాహ్నం 2 లోపు ఐసీఈ, స్పార్‌ప్రైస్, మూడు సీట్లు. డార్మ్‌స్టాట్ గోడ గడియారం సంగతి బావగారికి ఇప్పుడే చెప్పా, ఆయన దాన్ని మార్చినట్టు గుర్తే లేదన్నారు.